పెట్టె సర్దడానికి నాలుగేళ్ళు

క్రైస్తవ పిల్లల హోముల్లో వార్డెన్‌గానో, హౌస్ మదర్‌గానో, లెక్కలు రాసే మనిషిగానో పనిచేస్తున్నవాళ్ళ కోసం ఈ మాటలు. ట్రస్టు బోర్డులో ఉన్న పాస్టరుగార్లు చదివినా మంచిదే. కింద చెప్పే పనుల్లో కొన్నింటికి వాళ్ళ సంతకం కావాలి.

పిల్లలను చేర్చుకునే పద్ధతి మన హోముల్లో బాగానే కుదురుకుంది. దరఖాస్తు రాస్తాం, ఫోటో తీస్తాం, బాలల సంక్షేమ సమితి (అందరూ సీడబ్ల్యూసీ అనే అంటారు) ముందు హాజరుపరుస్తాం, దుప్పటి, పళ్ళెం, గ్లాసు ఇచ్చి బళ్ళో వేస్తాం. పంపే పద్ధతి మాత్రం చాలాచోట్ల ఇంకా ఏర్పడలేదు. ఇంటర్ ఫలితాలు వస్తాయి. ఫలానా పిల్లాడికి 18 దాటిందని ఎవరో గుర్తుచేస్తారు. ఒక సాయంత్రం ప్రార్థన పెట్టి, ట్రంకుపెట్టె, కొత్త బట్టలు, ఒక బైబిలు, బస్సు చార్జీలు చేతికిచ్చి సాగనంపుతారు. ఇక దేవుడు చూసుకుంటాడంటారు. ఆ విశ్వాసంలో తప్పు లేదు. అయితే ఆ పిల్లాడి ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు వార్డెన్‌ది. వాడు కూకట్‌పల్లిలో ఏదో బ్యాంకు కౌంటరు ముందు నిలబడి "అన్నా, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేస్తే, ఆ వార్డెన్ అప్పటికే ఉద్యోగం మానేసి ఉంటాడు. నంబరు మార్పించడం మన పని. దాన్ని కూడా దేవుడి ఖాతాలో వేయకూడదు.

పంపడం ఒక్క సాయంత్రంతో అయ్యేది కాదు. పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగా మొదలుపెట్టి, వాళ్ళకు 21 వచ్చేదాకా చేయవలసిన పని అది. హాజరుపట్టీ, వంట సరుకుల జాబితా ఎంత ఖాయంగా రాస్తామో ఇదీ అంత ఖాయంగా రాసుకుంటేనే జరుగుతుంది.

మన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. ప్రార్థన మీద ప్రసంగం వచ్చిందంటే జార్జ్ ముల్లర్ పేరు రాక తప్పదు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ పట్నం పక్కన యాష్లీ డౌన్ మీద 1870 నాటికి ఆయన ఐదు భవనాలు కట్టించి రెండు వేలమందికి పైగా పిల్లలకు చోటు కల్పించాడు. ఆయనకు మన గోదావరితో చుట్టరికం కూడా ఉంది. ఆయన భార్య మేరీకి తోడబుట్టినవాడే ఆంథోనీ నారిస్ గ్రోవ్స్. ఆ గ్రోవ్స్ వెంట 1836లో మన దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురంలో కాపురం పెట్టి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. ఒకరిది రాతిపని, ఇంకొకరిది చెప్పులు కుట్టే వృత్తి. ముల్లర్ గురించి చెప్పేటప్పుడు పొద్దున రొట్టె లేకపోతే పాలబండి వచ్చి ఆగిన కథ అందరూ చెబుతారు. మగపిల్లలకు పద్నాలుగు పదిహేనేళ్ళు వచ్చేసరికి పని నేర్పే యజమానిని వెతికి, అందుకు డబ్బు కట్టి, బట్టలు కుట్టించి మరీ పంపేవాడన్న సంగతి ఎవరూ చెప్పరు. ఆడపిల్లలకు కూడా పని కుదిరాకే బయటికి పంపేవాడు. హోము నడిపేవాళ్ళకు పాలబండి కంటే ఈ సంగతే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఇటలీలో తూరిన్ పట్నంలో డాన్ బోస్కో అనే కతోలిక గురువు 1850ల మొదట్లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. తన దగ్గరి కుర్రాడిని వడ్రంగి దగ్గర పనికి పెట్టేముందు ఆ యజమానితో కాగితం రాయించుకునేవాడు. ఎన్నాళ్ళలో పని నేర్పాలో, కూలీ ఏ నెల నుంచి ఎంత పెరగాలో, ఆదివారం సెలవు ఉండాలని, చెయ్యి చేసుకోకూడదని, వృత్తికి సంబంధం లేని చాకిరీ చేయించకూడదని అందులో ఉండేది. విజయవాడలో వీధి బాలల కోసం నవజీవన్ బాల భవన్ నడుపుతున్నది ఆయన స్థాపించిన సలేషియన్ సభవాళ్ళే. నూట డెబ్బై ఏళ్ళు దాటినా అలాంటి కాగితం మన హోముల్లో అరుదు. మెకానిక్ షెడ్డులోనో, ప్రింటింగ్ ప్రెస్‌లోనో, బట్టల షాపులోనో కుర్రాడిని పెట్టేటప్పుడు యజమాని మన సంఘ సభ్యుడే కదా అని నోటిమాటతో సరిపెడతాం. సంఘ సభ్యుడైతే కాగితం మరింత అవసరం. గొడవ వస్తే పాస్టరుగారు యజమానిని ఒక్క మాట అనలేరు, సర్దుకుపొమ్మని కుర్రాడికే చెబుతారు. అర ఠావు కాగితం చాలు: జీతం, పనిగంటలు, వారపు సెలవు, భోజనం, వసతి ఎవరిది, ఆరు నెలలకు ఏ పని వచ్చి ఉండాలి. రెండు సంతకాలు, రెండు కాపీలు.

ఇక మన చట్టం సంగతి. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 46వ సెక్షన్ ఉంది. 18 నిండి హోము నుంచి బయటికి వెళ్ళే పిల్లలకు ఆర్థిక సాయం ఇవ్వవచ్చని అది చెబుతుంది. దీన్ని అనంతర సంరక్షణ అంటారు, ఆఫీసుల్లో ఆఫ్టర్ కేర్ అంటేనే తెలుస్తుంది. 2016 నమూనా నియమాల ప్రకారం ఇది 21 ఏళ్ళ దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా. చదువుకో, శిక్షణకో స్టైపెండు, ఆరుగురు ఎనిమిదిమంది కలిసి ఉండేలా తాత్కాలిక వసతి, మాట్లాడే కౌన్సెలరు, సొంతంగా ఏదైనా పెట్టుకోవాలంటే రుణానికి సాయం, ఇవన్నీ ఆ నియమాల్లో రాసి ఉన్నవే. మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. దానంతట అదే మాత్రం రాదు. పిల్లవాడు బయటికి వెళ్ళడానికి రెండు నెలల ముందే అతని తర్వాతి ప్రణాళిక రాసి, ఆఫ్టర్ కేర్ కావాలని సిఫారసు చేసి సీడబ్ల్యూసీకి పంపాలి. కాబట్టి గోడ మీది క్యాలెండరులో పుట్టినరోజులతోపాటు 17 ఏళ్ళ 9 నెలల తేదీని కూడా గుర్తు పెట్టండి. ఆ వారం జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్ళి, కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని రండి. నిధులు రాలేదు, తర్వాత చూద్దాం అనే జవాబు రావచ్చు. వచ్చినా కాగితం ఇచ్చిన రుజువు మీ దగ్గర ఉండాలి.

కోవిడ్‌లో తల్లిదండ్రులు పోయిన పిల్లలు మీ హోములో ఉంటే, పీఎం కేర్స్ పిల్లల పథకంలో పేరు నమోదైందో లేదో తప్పక చూడండి. అందులో 18 నుంచి నెలనెలా స్టైపెండు, 23 నిండాక 10 లక్షల రూపాయలు ఉన్నాయి. అంత డబ్బు వస్తుందని ఎన్నడూ కనిపించని బంధువులకు ఈపాటికే తెలిసి ఉంటుంది. పిల్లలకు కూడా తెలియాలి.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసింది కాగితాల దగ్గర. ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు అని ప్రతి హోములోనూ అంటారు. తీసి చూస్తే చేరిన రోజు ఫోటో, క్రిస్మస్‌కు దాతలకు రాసిన ఉత్తరం నకలు తప్ప ఏమీ ఉండవు. ఫైలులో ముఖ్యంగా ఉండవలసింది సీడబ్ల్యూసీ ఉత్తర్వు, జనన ధ్రువీకరణ పత్రం, తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణ పత్రాలు, చదివిన బళ్ళ టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు, పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు. 18 నిండగానే పాన్, ఓటరు కార్డు. తల్లిదండ్రుల మరణ పత్రాలను చాలామంది పట్టించుకోరు. తండ్రి పేరు మీద ఉన్న అర ఎకరం దగ్గర మొదలుపెడితే అవి లేకుండా ఒక్క పనీ జరగదు.

పేర్ల గొడవ మన హోములకు ప్రత్యేకం. బళ్ళో వేసేనాటికి రాజు అని ఉంటుంది. హోములో శామ్యూల్ అని పిలుస్తారు. ఆధార్ తీసినవాడు శామ్యూల్ రాజు అని కొట్టాడు. బ్యాంకులో ఎస్. రాజు. పది మెమోలో ఇంటిపేరు లేదు, ఇంకోచోట ఇంటిపేరు స్థానంలో హోము పేరే ఉంది! ప్రేమతో పెట్టిన పేరే కావచ్చు. కంపెనీ హెచ్‌ఆర్ ముందు మాత్రం ఆ నాలుగు పేర్లూ నలుగురు మనుషులు. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేముందు బడిలో తయారుచేసే నామినల్ రోల్స్ దగ్గరికి మీరే వెళ్ళి కూర్చుని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిచూడండి. అప్పుడైతే హెడ్మాస్టరు కలంతో దిద్దే తప్పు, మెమో అచ్చయ్యాక గెజిట్ దాకా వెళ్ళవలసిన తప్పు అవుతుంది. వయసు తెలియని పిల్లల విషయంలో సీడబ్ల్యూసీ నిర్ణయించి రాసిన వయసే చట్టం దృష్టిలో అసలు వయసు. ఆ ఉత్తర్వు పోగొట్టకండి. ఆధార్ వేలిముద్రలు 5 ఏళ్ళు నిండాక ఒకసారి, 15 నిండాక మళ్ళీ ఒకసారి వేయించాలి. 15 దాటినవాళ్ళ జాబితా ప్రతి వేసవిలో తీయండి. సొంత సిమ్ము తీసుకునే వయసు రాగానే ఆధార్‌లో, బ్యాంకులో నంబరు మార్పించండి.

కుల ధ్రువీకరణ దగ్గర చాలా హోములు చేతులెత్తేస్తాయి. తల్లిదండ్రులే లేకపోతే ఏ కులమని ఇస్తామని తహసీల్దారు ఆఫీసులో అడుగుతారు. మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-ఏ జాబితాలో అనాథలకు చోటు ఉంది. పదేళ్ళు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చట్టప్రకారం గానీ ఆచారం ప్రకారం గానీ చూసుకునేవాళ్ళు లేక, ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న పాఠశాలలోనో అనాథాశ్రమంలోనో చేరిన పిల్లలకు అది వర్తిస్తుంది. సీటు దగ్గర, ఉద్యోగం దగ్గర ఇది ఎంత పెద్ద ఆసరానో వేరే చెప్పక్కర్లేదు. ఇందులో గుర్తింపు ఉన్న అన్న మాట గమనించండి. బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ లేకుండా హోము నడిపితే ఏడాది దాకా జైలు లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చని బోర్డు సభ్యులకు తెలిసే ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేనందువల్ల ఇరవై ఏళ్ళ తర్వాత ఒక పిల్లకు నర్సింగ్ సీటు తప్పిపోవచ్చన్న సంగతి కూడా వాళ్ళకు చెప్పాలి.

దీన్ని ఆనుకునే ఇంకో సున్నితమైన విషయం ఉంది. అడ్మిషన్ రిజిస్టరులో మతం అనే గడిలో అలవాటు కొద్దీ అందరికీ క్రైస్తవం అని రాసేస్తుంటారు. ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే అని 1950 నాటి రాజ్యాంగ ఉత్తర్వు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు, వాళ్ళ సంతానం మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు, ఆ రిజర్వేషన్ 1 శాతం. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్న వాదన ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది, నాకూ ఒక అభిప్రాయం ఉంది. ఇక్కడ సంగతి అది కాదు. ఆరేళ్ళ పిల్ల తరఫున ఆ గడి నింపే హక్కు గుమాస్తాకు లేదు. తల్లిదండ్రుల కాగితాల్లో ఏముందో అదే రాయండి. పెద్దయ్యాక తన విశ్వాసం తను చెప్పుకుంటుంది. ఆదివారం ఆరాధనకు రావడానికీ ఆఫ్టర్ కేర్ సాయానికీ ముడిపెట్టే అలవాటు ఎక్కడైనా ఉంటే దాన్నీ మానుకోవాలి. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో అనాథలను పరామర్శించమన్నచోట అలాంటి షరతు పెట్టలేదు.

పొలం మాట అన్నాను. మన హోముల్లోని పిల్లల్లో కొంతమందికి ఊళ్ళో కాస్త భూమో, ఇళ్ళ స్థలమో, సగం కూలిన ఇల్లో ఉంటుంది. పెదనాన్నో మేనమామో చూసుకుంటున్నాడంటారు. చేరిన ఏడాదే ఊరు వెళ్ళినప్పుడు సర్వే నంబరు, పాస్‌బుక్కు వివరాలు అడిగి ఫైలులో రాసిపెట్టుకోండి. పిల్లవాడు మైనరుగా ఉన్నప్పుడు సంరక్షకుడి హోదాలో ఎవరైనా ఆ ఆస్తి అమ్మి ఉంటే, ఆ అమ్మకాన్ని రద్దు చేయమని దావా వేయడానికి మేజరైన నాటి నుంచి మూడేళ్ళే గడువు. అంటే 21. చాలామందికి పెళ్ళి మాటలప్పుడు గానీ ఆస్తి గుర్తుకురాదు, అప్పటికి గడువు దాటిపోతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పిల్లలకు, ఆడవాళ్ళకు ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. మగపిల్లాడికి 18 నిండితే ఆదాయాన్ని, కులాన్ని బట్టి అర్హత చూస్తారు కాబట్టి మైనరుగా ఉండగానే వెళ్ళడం మేలు. బంధువులతో తగువు పెట్టుకోమని నేను చెప్పడం లేదు. పండక్కి పిలిచే మేనత్త ఒక్కతి ఉంటే అది అర ఎకరం కంటే విలువైనదని పిల్లవాడు అనుకోవచ్చు. తేల్చుకోవలసింది అతను. తనకు ఏముందో తెలిసి తేల్చుకోవాలి, అంతే.

డబ్బు వాడకం క్లాసులో చెబితే రాదు. హోములో పిల్లలకు అన్నీ సమయానికి వస్తాయి: సబ్బు, పేస్టు, నూనె, అన్నం. పదిహేడేళ్ళ పిల్లకు కిలో కందిపప్పు ధర తెలియదంటే తప్పు తనది కాదు. తొమ్మిదో తరగతి నుంచి నెలకు చిన్న మొత్తం ఖాతాలో వేసి, సబ్బు, పెన్నులు, రిబ్బన్లు తనే కొనుక్కోమనండి. ఇరవయ్యో తారీకుకే డబ్బు అయిపోతే మళ్ళీ ఇవ్వకండి. హోములో ఉండగా సబ్బు అయిపోవడం చిన్న కష్టం, బయట అద్దె డబ్బు అయిపోవడం పెద్దది. ఇంటర్‌కు వచ్చినవాళ్ళను వారానికి ఇద్దరి చొప్పున వంటశాల సరుకులకు తీసుకెళ్ళండి. వంట మగపిల్లలకూ నేర్పండి. అన్నం, పప్పు, ఒక కూర, రసం వస్తే హైదరాబాద్‌లో నెలకు మిగిలే డబ్బు తక్కువేమీ కాదు.

బయట కాచుకుని ఉండే మోసాలు చెప్పే పంపాలి. అయినవాళ్ళు లేని కుర్రవాళ్ళను వాసన పట్టేవాళ్ళు ఉంటారు. లోన్ యాప్‌లో అయిదువేలు తీసుకుంటే ఫోన్‌లోని నంబర్లన్నిటికీ బూతులు వెళతాయని చెప్పండి. నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు మాకివ్వు, నెలకు ఇంతిస్తాం అని ఎవరైనా అంటే అది సైబర్ నేరగాళ్ళ పని అని, పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారు దగ్గరికేనని చెప్పండి. డబ్బు పోయిన వెంటనే చేయవలసిన నంబరు 1930. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డిపాజిట్ కట్టమనేవాళ్ళను నమ్మవద్దనండి. మొదటి ఉద్యోగంలో అపాయింట్‌మెంట్ లెటరు, పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ కార్డు అడగడం మర్యాద తక్కువ కాదని కూడా చెప్పాలి. హోములో పెరిగిన పిల్లలకు అడగడం రాదు. ఏది ఇచ్చినా కృతజ్ఞత చెప్పమని మనమే నేర్పాం.

ఏ చదువు, ఏ పని అన్నదానికి అందరికీ సరిపోయే జవాబు లేదు. అయినా ఒక్కటి గట్టిగా చెబుతాను: పదికి, ఇంటర్‌కు మధ్య ఆలోచించాలి, ఇంటర్ తర్వాత కాదు. అందరినీ ఇంటర్‌లో చేర్చడం హోముకు సుళువు, కాలేజీ దగ్గరే ఉంటుంది, ఫీజు తక్కువ. కానీ 18 నాటికి చేతిలో పని ఉండవలసిన పిల్లవాడికి పది తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియనో ఫిట్టరో, లెక్కలు వచ్చినవాడికి పాలీసెట్ రాసి డిప్లొమానో దగ్గరి దారి. చదువులో ముందున్న పిల్లను మాత్రం త్వరగా సంపాదించాలని కుదించకండి. ఆఫ్టర్ కేర్ 21 దాకా అని నియమం పెట్టింది అలాంటివాళ్ళ కోసమే. పది తప్పినవాళ్ళకు సార్వత్రిక విద్యాపీఠం ఉంది. ఊళ్ళోనే ఉండదలచుకున్నవాళ్ళకు బ్యాంకులు నడిపే ఆర్‌సెటి కేంద్రాల్లో కుట్టుపని, సెల్‌ఫోన్ రిపేరు, పాడి వంటివి ఉచితంగా నేర్పుతారు.

మన హోముల్లో ఇంకో రెండు దారులు మరీ తేలిగ్గా తెరుచుకుంటాయి. ఏమీ తోచని కుర్రాడిని బైబిలు కాలేజీకి పంపడం ఒకటి. పిలుపు ఉన్నవాడు తప్పక వెళ్ళాలి. మంచం, భోజనం ఉచితమని వెళ్ళినవాడు మూడేళ్ళ తర్వాత ఇరవై కుటుంబాల సంఘం మీద బతకలేక, మానుకోలేక నలిగిపోతాడు. రెండోది, పెద్ద పిల్లాడిని హోములోనే ఉంచేయడం. వ్యాను నడుపుతాడు, చిన్నపిల్లలను చూస్తాడు, గేటు దగ్గర పడుకుంటాడు, అడిగితే మా అబ్బాయే అంటాం. మన అబ్బాయే అయినా జీతం, నియామక పత్రం, పీఎఫ్ ఉండాలి, వారానికో సెలవు ఉండాలి. లేకపోతే ముప్ఫయ్యేళ్ళకు అతనికి అనుభవపత్రం కూడా ఉండదు.

ఆడపిల్లల విషయంలో మూడో దారి పెళ్ళి. 18 నిండిన నెలలోనే మంచి విశ్వాసుల కుటుంబమని సంబంధం చూసి, సంఘమంతా చందాలు వేసుకుని ఘనంగా చేసి, హమ్మయ్య అనుకుంటారు. చేసేవాళ్ళ ప్రేమను నేను శంకించను. పుట్టింటికి వెళతానని చెప్పడానికి ఇల్లు లేని పిల్లకు ఆ పెళ్ళిలో ఏ కష్టం వచ్చినా బయటపడే దారి ఉండదు. తన కాళ్ళ మీద తను ఒక ఏడాదైనా జీతం తెచ్చుకున్నాక పెళ్ళి మాట ఎత్తండి. తనకు ఇష్టమైతేనే ఎత్తండి. కాపురంలో చెయ్యి చేసుకున్నాడని ఫోన్ వస్తే, ప్రార్థన చేసుకో అమ్మా అని పెట్టేయకుండా బస్సెక్కి రమ్మనండి. ఇంటికి వచ్చిన ఆడపిల్లకు మంచం వేసే తల్లిలా, హోములో అలాంటి ఒక మంచం ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి.

స్పాన్సర్ల గురించి కొంచెం. విదేశాల నుంచి నెలనెలా వచ్చే డబ్బుతో పెరిగిన పిల్లలకు ఆ డబ్బు 18తో ఆగిపోతుందని చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ముందే ఆగిపోవచ్చు కూడా. కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో మన దేశంలో కార్యక్రమాలు మూసివేసినప్పుడు లక్షకు పైగా పిల్లల స్పాన్సర్‌షిప్ ఒక్కసారిగా ఆగిపోయింది. ఏ పిల్ల చదువూ ఒకే విదేశీ దాత మీద నిలబడి ఉండకూడదు. స్థానిక సంఘం నుంచి ఎంత చిన్నదైనా ఒక నిధి ఉండాలి. ఇంకో మాట: దాతలకు పంపే వీడియోలో పిల్లచేత సాక్ష్యం చెప్పించి, నాన్న తాగి చనిపోయాడు, అమ్మ వదిలేసింది అని అనిపించకండి. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఇలాంటి పిల్లల పేరు, ముఖం, బడి బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది, ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. పైగా ఆ వీడియో యూట్యూబ్‌లో ఉండిపోతుంది. పదేళ్ళ తర్వాత పెళ్ళివారు దాన్నే చూస్తారు.

హోములో ఏ పిల్లమీదైనా లైంగిక దౌర్జన్యం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం ఆదేశం. చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ అధిపతి అయితే ఏడాది దాకా శిక్ష. సంఘం పరువు పోతుందన్నది చట్టంలో మినహాయింపు కాదు. 1098 నంబరు పిల్లల గదిలో వాళ్ళ కంటికి అందే ఎత్తులో రాసి ఉండాలి, ఆఫీసు గదిలో కాదు.

వెళ్ళిన తర్వాత ఏం చేయాలన్నది రిజిస్టరు పని. బయటికి వెళ్ళినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, ఉంటున్న చోటు ఒక పుస్తకంలో రాసి, మొదటి ఆరు నెలలు వారానికోసారి, తర్వాత నెలకోసారి మీరే ఫోన్ చేయండి. వాళ్ళు చేస్తారని చూడకండి. బాగున్నావా అంటే బాగున్నానన్నా అంటారు. నిన్న రాత్రి ఏం తిన్నావు, అద్దె కట్టావా, జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి వెళ్ళావు అని అడిగితే సంగతి బయటికొస్తుంది. ఒక్కరినే మహానగరానికి పంపకుండా ఇద్దరు ముగ్గురిని ఒకే గదిలో ఉండేలా చూడండి, మొదటి అడ్వాన్సు హోమే కట్టి నెలనెలా తిరిగి తీసుకోండి. హాస్టళ్ళన్నీ ఖాళీ అయ్యే సంక్రాంతి, క్రిస్మస్ సెలవులకు ముందే ఎవరు ఎక్కడికి వెళుతున్నారో అడగండి. ఎక్కడికీ లేనివాళ్ళను రమ్మనండి. వచ్చినప్పుడు చిన్నపిల్లల ముందు నిలబెట్టి ఉపదేశం చేయించకండి, సెలవుకు వచ్చిన మనిషిని తిని పడుకోనివ్వండి.

మీ సంగతి కూడా చెప్పాలి. ఇరవై నాలుగు గంటల డ్యూటీ, చేతికి వచ్చే జీతానికి గౌరవవేతనం అని పేరు. పరిచర్య కదా అని అడగరు. మీకు నియామక పత్రం లేకపోతే అడగండి, సెలవు రాసుకోండి. సోషల్ వర్క్‌లో డిగ్రీయో పీజీయో దూరవిద్యలో చేస్తే జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో నోటిఫికేషన్లు పడ్డప్పుడు మీ అనుభవానికి విలువ ఉంటుంది. మంచి వార్డెన్లు మూడేళ్ళకు మించి నిలవకపోవడం వల్లే పిల్లల ఫైళ్ళు సగంలో ఆగిపోతున్నాయని బోర్డుకు లెక్కతో చూపించండి.

మీరు మానేసే రోజు వస్తే, బయటికి వెళ్ళిన పిల్లలందరికీ మీరే ఫోన్ చేసి కొత్త వార్డెన్ పేరు చెప్పండి. అందుకే పిల్లలకు ఇచ్చే నంబరు మీ సొంతది కాకుండా హోము పేరున తీసిన సిమ్ము అయి ఉండాలి. ఆ ఫోను, రిజిస్టరు, ఫైళ్ళ బీరువా తాళం, 17 ఏళ్ళ 9 నెలల జాబితా నాలుగూ సంతకం పెట్టించుకుని అప్పగించండి.